పదిహేను నిమిషాలు ఎవరికి సరిపోతాయి?

'సెషన్ ఎక్స్‌పైర్డ్. ప్లీజ్ లాగిన్ అగైన్.' ఈ మాట ఒక్కసారైనా చూడనివాళ్లు ఇప్పుడు మనలో ఎవరూ ఉండరనుకుంటా. తత్కాల్ టికెట్ దగ్గర చూసుంటారు. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చూసుంటారు. ఓటీపీ కోసం మెసేజ్‌లు తెరిచి మళ్లీ బ్యాంకు పేజీకి వచ్చేలోపు చూసుంటారు. చూడగానే మనం తిట్టేది నెట్‌వర్క్‌ని. లేదంటే 'సర్వర్ డౌన్' అనుకుంటాం. నిజానికి ఆ క్షణంలో సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, సిగ్నల్ కూడా ఫుల్లుగా ఉండొచ్చు. ఎవరో ఒక ఇంజినీరు, ఎక్కడో ఒక ఫైల్‌లో, ఒక అంకె వదిలేశాడు. ఆ అంకె అయిపోయింది. అంతే.

నేను ఆ ఫైళ్లతోనే పనిచేస్తుంటాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, సొంతూరు నల్లగొండ జిల్లా. పేజీల కొద్దీ ఫారాలు నింపాల్సిన వెబ్‌సైట్లు మా టీమ్ పని. ఆ అంకె మీద నాకు మొదటి నుంచీ ఒక అనుమానం ఉండేది. పోయిన ఏడాది మక్తల్‌లో ఒక నెట్ సెంటర్లో అరపూట కూర్చున్నాక ఆ అనుమానం కాస్తా గట్టి అభిప్రాయం అయింది. అదంతా చెప్పాలంటే, ముందు ఈ సెషన్ అనేది ఏంటో చెప్పాలి. కంగారుపడకండి, కోడ్ రాయించను.

వెబ్ పుట్టుకతోనే మతిమరుపుది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్‌లో దీన్ని ప్రతిపాదించింది శాస్త్రవేత్తలు ఒకరి కాగితాలు ఇంకొకరు చదువుకోడానికి. బ్రౌజర్ 'ఈ పేజీ ఇవ్వు' అంటుంది, సర్వర్ ఇస్తుంది, కథ ముగిసింది. చదివేది ఎవరైతే ఏంటి? గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే లేదు. అందుకే మీరు రెండో పేజీ అడిగేసరికి సర్వర్ లెక్కలో మీరు కొత్త మనిషి. పది సెకన్ల కింద పాస్‌వర్డ్ కొట్టింది మీరేనని దానికి తెలీదు. దీన్ని మా భాషలో స్టేట్‌లెస్ అంటారు. నేనైతే గజిని అంటాను. ఆ సినిమాలో సూర్యకి కనీసం పదిహేను నిమిషాలు గుర్తుండేది, హెచ్‌టీటీపీకి అది కూడా ఉండదు.

కాగితాలు చదువుకున్నన్నాళ్లు ఇబ్బంది రాలేదు. అమ్మకాలు మొదలయ్యాక వచ్చింది. మొదటి పేజీలో చొక్కా ఎంచుకుని రెండో పేజీకి వెళ్తే చొక్కా సంగతి సర్వర్‌కి గుర్తుండదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులీ అనే ఇంజినీరు దీనికి ఒక ఉపాయం చెప్పాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు. సర్వర్ ఒక చిన్న చిట్టీ ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని జేబులో పెట్టుకుని, ఆ సైట్‌కి వెళ్లిన ప్రతిసారీ, అడక్కపోయినా తీసి చూపిస్తుంది. యునిక్స్ ప్రోగ్రామర్లు ఇలాంటి చిన్న గుర్తును 'మ్యాజిక్ కుకీ' అనేవాళ్లు. అక్కడి నుంచి కుకీ అనే పేరు. ప్రతి సైట్‌లోనూ 'యాక్సెప్ట్ ఆల్ కుకీస్' అని మనం చదవకుండా నొక్కేది ఈ చిట్టీల గురించే.

కొత్తగా చేరిన జూనియర్లకు నేను దీన్ని చెర్వుగట్టు చెప్పుల స్టాండుతో చెప్తుంటా. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్ట ఉంది కదా, అమావాస్య రాత్రి అక్కడ ఇసకేస్తే రాలదు. చెప్పుల స్టాండులో కూర్చున్నాయన మీ ముఖం చూడడు. చూసినా గుర్తుండదు. చెప్పులు తీసుకుంటాడు, ఒక అరలో పెడతాడు, ఆ అర నంబరున్న బిళ్ల మీ చేతిలో పెడతాడు. దర్శనం చేసుకుని వచ్చి బిళ్ల చూపిస్తే చెప్పులు ఇస్తాడు. ఆ బిళ్లే సెషన్ ఐడీ. బ్రౌజర్‌లో కుకీగా ఉండేది ఆ నంబరు ఒక్కటే. మీ పేరు, మీరు లాగిన్ అయిన సంగతి, సగం నింపిన ఫారం, ఇవన్నీ చెప్పుల్లాగా అటు పక్క అరలో, అంటే సర్వర్ దగ్గర ఉంటాయి.

ఈ పోలిక నాకెందుకు నచ్చుతుందంటే, సెషన్‌కి వచ్చే కష్టాలన్నీ చెప్పుల స్టాండుకూ వస్తాయి. మీ బిళ్ల ఇంకొకడికి దొరికిందనుకోండి, మీ కొత్త చెప్పులు వాడివే. స్టాండాయనకి బిళ్లే ముఖ్యం, మనిషి కాదు. 2010 అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో దాన్ని ఆన్ చేస్తే, అదే వైఫైలో ఉన్న మిగతావాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ బిళ్లలు గాల్లోంచి ఏరి చూపించేది. పేరు మీద నొక్కితే చాలు, వాళ్ల అకౌంట్‌లో ఉంటాం. పాస్‌వర్డ్‌తో పనే లేదు. అతను అది చేసింది దొంగతనానికి కాదు. లాగిన్ పేజీకి మాత్రం తాళం వేసి, తర్వాతి పేజీల్లో బిళ్లను బాహాటంగా ఊపుకుంటూ తిరుగుతున్నారని చూపించడానికి. కొన్ని నెలలకే, 2011 జనవరిలో, ఫేస్‌బుక్ సైట్ మొత్తానికీ హెచ్‌టీటీపీఎస్ పెట్టుకునే వీలు ఇచ్చింది. ఇవాళ అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీఎస్ లేకపోతే బ్రౌజర్లు 'నాట్ సెక్యూర్' అని అరుస్తున్నాయంటే, ఆ మార్పులో ఇలాంటి పనుల పాత్ర కూడా ఉంది.

ఇంకో కష్టం. జనం ఎక్కువైతే గుట్ట మీద రెండు స్టాండ్లు పెడతారు. ఈ స్టాండు బిళ్ల ఆ స్టాండులో చూపిస్తే, 'ఇది మాది కాదు' అంటాడు. వెబ్‌సైట్‌కి రద్దీ పెరిగినప్పుడు మేమూ రెండు, నాలుగు, పది సర్వర్లు పెడతాం. మొదటి పేజీ ఒక సర్వర్ నుంచి, రెండో పేజీ ఇంకో సర్వర్ నుంచి వస్తే మీ బిళ్ల చెల్లదు. నిమిషం కింద లాగిన్ అయిన మీరు మళ్లీ లాగిన్ పేజీలో తేలతారు. రిజల్ట్స్ రోజు, లాస్ట్ డేట్ రోజు 'ఇప్పుడే లాగిన్ అయ్యా, మళ్లీ బయటికి నెట్టేసింది' అని గోల వినిపిస్తే, అందులో కొంత ఇదే అయ్యుండొచ్చు. దీనికి మందు ఉంది. ఒక మనిషిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపడం ఒక పద్ధతి. అన్ని స్టాండ్లకూ కలిపి ఒకటే రిజిస్టర్ పెట్టడం ఇంకో పద్ధతి. రెడిస్ లాంటివి ఆ రిజిస్టర్ పని చేస్తాయి. ఇది మా బాధ్యత, మేము ఖర్చు పెడితే తీరిపోయే సమస్య. కాబట్టి ఇక్కడితో వదిలేస్తా.

అసలు పేచీ మూడో దానితో. స్టాండు ఎంతసేపు మీ చెప్పులు ఉంచాలి?

ఎప్పటికీ ఉంచలేడు. అరలు నిండిపోతాయి. బిళ్ల పోగొట్టుకుని వెళ్లిపోయినవాళ్ల చెప్పులు అలాగే పడుంటాయి, ఆ బిళ్ల ఎవరికి దొరికితే వాళ్లు వచ్చి తీసుకుపోతారు. అందుకే ఒక గడువు. ఇన్ని నిమిషాలు మీ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, మీరు వెళ్లిపోయారనుకుని అర ఖాళీ చేసేస్తాం. దాన్నే ఐడిల్ టైమ్‌అవుట్ అంటారు. పీహెచ్‌పీలో మీరు ఏమీ మార్చకపోతే అది 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. జావాలో వాడే టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు. వెబ్ సెక్యూరిటీలో అందరూ పెద్దదిక్కుగా చూసే ఓవాస్ప్ సంస్థ, డబ్బుతో ముడిపడ్డ సైట్లకు 2 నుంచి 5 నిమిషాలు, అంత ప్రమాదం లేనివాటికి 15 నుంచి 30 నిమిషాలు మామూలని చెప్తుంది.

నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో ఈ అంకెని ఎవరూ కూర్చుని నిర్ణయించరు. బటన్ నీలం రంగులో ఉండాలా ఆకుపచ్చలో ఉండాలా అని గంట మీటింగ్ అవుతుంది. గడువు మాత్రం పాత ప్రాజెక్టు ఫైల్‌లోంచి కాపీ అయి వస్తుంది. సెక్యూరిటీ టెస్టింగ్ చేసేవాళ్లు రిపోర్ట్‌లో 'తగ్గించండి' అని రాస్తే 30 కాస్తా 15 అవుతుంది. పదిహేను నిమిషాల్లో ఈ ఫారం ఎవరు నింపగలరు, ఎక్కడ కూర్చుని నింపుతున్నారు అని అడిగేవాళ్లు ఉండరు. మా ఆఫీసులో టెస్టింగ్‌కి ఆ ఫారం నింపితే నాలుగు నిమిషాలు పడుతుంది. నిజమే. ఎందుకంటే పేరు 'టెస్ట్', నాన్న పేరు 'టెస్ట్', అడ్రస్ 'ఏబీసీడీ' అని కొడతాం.

మక్తల్‌కి నేను పనిమీద పోలేదు. బీటెక్‌లో నా రూమ్మేట్‌ది ఆ ఊరు. పెళ్లికి వెళ్లాను. మరుసటి రోజు బస్సుకి టైముందని వాళ్ల అన్న నడిపే నెట్ సెంటర్‌లో కూర్చున్నా. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్, ఒక ల్యామినేషన్ మెషిన్. నారాయణపేట 2019లో విడిగా జిల్లా అయినా, అక్కడ పాలమూరు అనే మాటే నోటికొస్తుంది. పాలమూరు అంటే వలస. ముంబయి, పుణె, హైదరాబాద్... ఎక్కడ బిల్డింగ్ లేస్తుంటే అక్కడ గుంపు మేస్త్రీ వెంట వెళ్లిపోయిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి.

పదిన్నరకి ఒకమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. డిగ్రీ ఫస్టియర్. చదువు ఖర్చుకి సంబంధించిన ఒక అప్లికేషన్, గడువు ఇంకో రెండు రోజులే. పోర్టల్ పేరు ఇక్కడ అనవసరం. పత్తి ఏరే రోజులు, వాళ్లమ్మ ఆ రోజు కూలీ మానుకుని వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ ఉన్నాయి. టెన్త్ మెమో, బోనఫైడ్, కులం, ఆదాయం, పాస్‌బుక్కు.

అన్న లాగిన్ చేసి మొదలుపెట్టాడు. రెండో పేజీ చాలా పొడుగు, ముప్పై గడుల దాకా ఉంటాయి. ఆదాయం సర్టిఫికెట్ నంబరు అడిగింది. కవర్లో ఉన్నది పాతది, కొత్తది ఫోన్‌లో ఫొటో ఉందట. వెతికారు, వాట్సాప్‌లో పంపారు, ప్రింట్ తీశారు. ఫొటో 50 కేబీ లోపు ఉండాలంది, తగ్గించారు. ఈలోపు ఒకాయన వచ్చి ఆధార్ జిరాక్స్ రెండు కావాలన్నాడు, ఇచ్చి పంపారు. తిరిగొచ్చి 'నెక్స్ట్' నొక్కితే, సెషన్ ఎక్స్‌పైర్డ్. ముప్పై గడులూ ఖాళీ.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ఇరవై నిమిషాలూ అన్న ఖాళీగా లేడు. టైప్ చేస్తూనే ఉన్నాడు. కానీ మీరు గడిలో టైప్ చేస్తే అది మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది. 'నెక్స్ట్' నొక్కితేనో, మధ్యలో తనంతట తాను సేవ్ అయ్యే ఏర్పాటు ఉంటేనో తప్ప సర్వర్‌కి కబురు పోదు. సర్వర్ లెక్కలో ఆ అమ్మాయి ఇరవై నిమిషాలుగా మాయమైపోయింది. పని చేస్తున్న మనిషిని 'నువ్వు ఖాళీగా ఉన్నావు' అని బయటికి పంపడమన్నమాట. పేజీ ఎంత పొడుగుంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ.

రెండోసారి మొత్తం కొట్టారు, ఈసారి వేగంగా. చివరికి ఓటీపీ దగ్గరికి వచ్చారు. ఆధార్‌కి ఉన్న నంబరు నాన్నది. నాన్న పుణెలో ఉన్నాడు, ఫోన్ ఆయన దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్లాబ్ పోస్తున్నారేమో, మధ్యలో దిగడానికి ఉండదు అంది వాళ్లమ్మ. పావుగంటకి ఆయనే తిరిగి చేశాడు.

'నాయినా, మెసేజ్ వచ్చింది సూడు. ఆరు అంకెలుంటయి.'

'రెండొచ్చినయి బిడ్డా. ఏది చెప్పాలె?'

'కింద ఉన్నది. కొత్తది.'

ఆయన చదివాడు, అమ్మాయి రాసుకుంది, అన్న కొట్టాడు. ఓటీపీ సరైనదే. సెషన్ మాత్రం అప్పటికే పోయింది. మళ్లీ మొదటి పేజీ.

వాళ్లమ్మ ఏమీ అనలేదు. 'రేపు రావాల్నా సార్?' అని అడిగింది. అడిగింది అన్ననే. కానీ పక్కన కూర్చున్న నాకు తగిలింది. రేపు అంటే ఇంకో రోజు కూలీ. ఎల్లుండి అంటే గడువు ముగిసింది.

ఇంతవరకు చదివితే 'అయితే గంట పెట్టొచ్చు కదా గడువు' అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది, ఒక అరగంట. తర్వాత పక్క కంప్యూటర్ దగ్గర జరిగింది చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నా. ఒక కుర్రాడు తన పని ముగించుకుని ట్యాబ్ మూసేసి వెళ్లాడు. ఆ సీటులో ఒక పెద్దాయనని కూర్చోబెట్టి, అన్న దగ్గర పనిచేసే తమ్ముడు అదే సైట్ తెరిచాడు. తెరవగానే లాగిన్ అడగలేదు. ఆ కుర్రాడి పేరు, ఆధార్ చివరి అంకెలు, బ్యాంకు అకౌంట్, అన్నీ అలాగే తెరుచుకున్నాయి. ట్యాబ్ మూస్తే లాగౌట్ అయినట్టు కాదు. బ్రౌజర్ జేబులో బిళ్ల ఉంది, అవతల అరలో చెప్పులున్నాయి. గంట గడువు పెడితే గంటసేపు అలాగే ఉంటాయి. తమ్ముడు మంచివాడు కాబట్టి లాగౌట్ నొక్కి మళ్లీ మొదలుపెట్టాడు. అందరూ అలాగే ఉంటారన్న నమ్మకం ఏంటి?

చిక్కు ఇదీ. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్, చేతిలో సొంత నంబరు ఉన్న నాలాంటోడికి గడువు చిన్నదైనా పెద్దదైనా పెద్ద తేడా రాదు. గడువు చిన్నదైతే నష్టపోయేది నెట్ సెంటర్‌కి వచ్చిన మనిషే. పెద్దదైతే ప్రమాదంలో పడేదీ ఆ మనిషే. అందుకే ఇది 15 కరెక్టా 30 కరెక్టా అనే గొడవ కాదు అని నా వాదన. మనం రెండు వేరు వేరు విషయాల్ని ఒకే అరలో పెట్టాం. 'నువ్వెవరు' అన్నది ఒకటి, 'నువ్వు చేసిన పని' అన్నది ఇంకోటి. మొదటిదాన్ని తొందరగా మర్చిపోవాలి. రెండోదాన్ని మర్చిపోకూడదు. గుట్ట మీద స్టాండు మూసే వేళైతే మూసెయ్యొచ్చు, తప్పులేదు. కానీ చెప్పులు పారెయ్యొద్దు, లోపల గదిలో పెట్టి, మనిషి వచ్చి ఇవి నావే అని రుజువు చేసుకుంటే ఇవ్వాలి.

ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. ఫారంలో ఒక గడి నింపి పక్క గడికి వెళ్లగానే, అప్పటిదాకా కొట్టింది ఆ మనిషి అకౌంట్ పేరు మీద డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా సేవ్ చెయ్యొచ్చు. జీమెయిల్‌లో సగం రాసిన మెయిల్ అలాగే ఉండట్లేదా? సెషన్ పోయినా డ్రాఫ్ట్ పోదు. మళ్లీ లాగిన్ అయితే మొదటి పేజీకి కాదు, ఆగిన గడికే తీసుకెళ్లాలి. ఇలా సేవ్ అవుతున్న కొద్దీ సర్వర్‌కి కబురు కూడా అందుతుంది కాబట్టి, పనిలో ఉన్న మనిషిని ఖాళీగా ఉన్నాడనుకునే సమస్య కూడా చాలావరకు పోతుంది. డ్రాఫ్ట్ బ్రౌజర్‌లోనే దాచే షార్ట్‌కట్ ఒకటుంది. దయచేసి అది వద్దు. నెట్ సెంటర్ కంప్యూటర్లో ఒకరి బ్యాంకు నంబరు దాచినట్టు అవుతుంది.

హెచ్చరిక సంగతి కూడా. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2008లోనే, డబ్ల్యూసీఏజీ 2.0 అనే నియమాల్లో, దీన్ని అన్నిటికంటే కింది స్థాయిలో పెట్టింది. అంటే ఇది అదనపు హంగు కాదు, కనీస మర్యాద. గడువుని పూర్తిగా తీసేసే లేదా బాగా పెంచుకునే వీలు ఇవ్వలేకపోతే, అది ముగిసే ముందు మనిషికి చెప్పాలి. స్పేస్ బార్ నొక్కడమంత తేలికైన పనితో పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వేలంపాటలాంటి వాటికి. మామూలు ఫారాలకు ఆ సాకు చెల్లదు. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఉన్న మార్గదర్శకాలు కూడా ఈ డబ్ల్యూసీఏజీనే ఆధారం చేసుకున్నాయి. చూపు సరిగా లేనివాళ్లు, చెయ్యి నెమ్మదిగా కదిలేవాళ్ల కోసం మొదలైన నియమం ఇది. పుణెలో స్లాబ్ మీద ఉన్న నాన్న ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సిన అమ్మాయికి కూడా పనికొస్తుంది.

ఇక ఇటువైపు, లాగౌట్. లాగౌట్ నొక్కితే చాలా సైట్లు బ్రౌజర్‌లో బిళ్ల తీసేసి చేతులు దులుపుకుంటాయి. అవతల అర ఖాళీ చెయ్యరు. ఆ నంబరు ముందే ఎవరైనా రాసిపెట్టుకుని ఉంటే ఇంకా పనిచేస్తుంది. రెండు పక్కలా తీసెయ్యాలి. లాగౌట్ అయ్యాక బ్యాక్ బటన్ నొక్కితే పాత పేజీ కనపడటం కూడా చూసే ఉంటారు. అది సర్వర్ ఇచ్చింది కాదు, బ్రౌజర్ దాచుకున్నది. 'దీన్ని దాచొద్దు' అని పేజీతో పాటు ఒక్క వాక్యం పంపితే సరిపోతుంది. ఒక్క వాక్యం.

మీలో కోడ్ రాయని వాళ్లకి కొన్ని పనికొచ్చే మాటలు. బయటి కంప్యూటర్లో పనిచేయాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవమనండి. పని అయ్యాక లాగౌట్ నొక్కి, ఆ విండోలన్నీ మూసేస్తే అందులోని కుకీలు పోతాయి. మామూలు విండో మూసేస్తే పోతాయన్న గ్యారంటీ లేదు. క్రోమ్‌లో 'ఆగిన చోట నుంచి కొనసాగించు' అనే సెట్టింగ్ పెట్టి ఉంటే బ్రౌజర్ మూసి తెరిచినా లాగిన్ అలాగే ఉంటుంది. 'రిమెంబర్ మీ' గడిలో టిక్ ఉంటే తీసెయ్యండి. పొడుగు ఫారం అయితే 'సేవ్' అనే బటన్ ఎక్కడైనా ఉందేమో ముందు వెతకండి, ఉంటే నాలుగైదు గడులకోసారి నొక్కండి. ఓటీపీ నంబరు ఇంకొకరి దగ్గర ఉంటే, వాళ్లు ఫోన్ ఎత్తే టైము కనుక్కుని అప్పుడే కూర్చోండి.

ఆ చివరి మాట నాది కాదు, మక్తల్ అన్నది. ఆ రోజు మూడోసారి ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, ఫారంలో వచ్చే గడులన్నీ వరసగా అమ్మాయితో రాయించాడు. ఫొటోలు ముందే తగ్గించి ఒక ఫోల్డర్‌లో పెట్టాడు. పుణెకి ఫోన్ చేసి, 'కాకా, బువ్వ తినేటప్పుడు ఫోన్ చేతుల పెట్టుకో, ఒంటిగంటకి' అని చెప్పాడు. ఒంటిగంటకి పది నిమిషాల ముందు లాగిన్ అయ్యి, నోట్‌బుక్ చూస్తూ టకటకా కొట్టేశాడు. ఓటీపీ వచ్చిన నిమిషంలో సబ్మిట్ అయింది. అప్లికేషన్ నంబరు ప్రింట్ తీసి అమ్మాయికి ఇచ్చి, నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపి అది కూడా ఆమెకే ఇచ్చేశాడు. 'ఇండ్ల బ్యాంకు నంబరున్నది, జెర పైలం' అన్నాడు. డ్రాఫ్ట్ ఒక చోట, లాగిన్ ఒక చోట, పని అయ్యాక చెరిపెయ్యడం. మేం చెయ్యాల్సింది ఆయన ఐదో తరగతి నోట్‌బుక్‌లో చేసి చూపించాడు. అన్నకి ఇది మామూలే, రోజుకి పదిమందికి ఇలాగే చేస్తాడట. ఆ సాయంత్రం ఆయన లేని ఊళ్లలో ఏం చేస్తున్నారో అనుకుంటూ బస్సెక్కా.

ఆఫీసుకి వచ్చి మా టీమ్ మీటింగ్‌లో ఈ విషయం పెట్టా. మొదట సెక్యూరిటీ చూసే అక్క ఒప్పుకోలేదు. '15 దాటితే ఆడిట్‌లో రాస్తారు' అంది. 15 దాటించమని నేను అడగట్లేదు, 15లోనే ఉంచుదాం, డ్రాఫ్ట్ వేరు చేద్దాం అన్నా. అప్పుడు కాస్త మెత్తబడింది. నిజానికి లాగౌట్‌లో అవతలి అర ఖాళీ కావట్లేదని పట్టుకున్నది ఆవిడే. మేనేజర్ అడిగిన ప్రశ్న ఒకటే: 'ఎన్ని రోజుల పని?' రెండు స్ప్రింట్లు అన్నాం. నెల రోజులు. ఇప్పుడు మొదటిది నడుస్తోంది.

హెచ్చరిక పెట్టె దగ్గర మాత్రం వారం ఆగిపోయాం. తెలుగులో ఏం రాయాలి? ట్రాన్స్‌లేషన్ టీమ్ పంపింది ఇది: 'మీ సత్రం గడువు ముగియబోతున్నది.' సెషన్‌కి డిక్షనరీలో 'సత్రం' ఎక్కడ దొరికిందో తెలీదు కానీ, చదివినవాళ్లు యాదగిరిగుట్టలో రూమ్ బుక్ చేసుకున్నామేమో అనుకుంటారు. 'సమావేశం' అని ఇంకొకరన్నారు. చివరికి మక్తల్ అన్నకి ఫోన్ చేసి, 'అన్నా, నువ్వైతే ఏం రాస్తవ్?' అని అడిగా. ఆయన జిరాక్స్ తీస్తూనే చెప్పాడు: 'ఇంకా పని ఉన్నదా? ఉంటే ఇది నొక్కు అని రాయి తమ్మీ. సెషన్ గిషన్ ఎందుకు?' చివర 'నొక్కు'ని 'నొక్కండి' చేసి అదే పెట్టాం. రెండు నిమిషాల ముందు వస్తుంది, కింద ఆకుపచ్చ బటన్ ఉంటుంది. రంగు గురించి ఈసారి ఎవరూ మీటింగ్ పెట్టలేదు.